సిమ్యులింక్‌లో సిగ్నల్ తనిఖీకి ఏది మేలు: స్పెసిఫికేషన్ బ్లాకా, సిగ్నల్ ఆబ్జెక్టా, చెక్ బ్లాకా?

సిమ్యులింక్ అంటే మాట్‌ల్యాబ్‌లో బ్లాకుల్ని వైర్లతో కలిపి మోడల్ గీసి సిమ్యులేట్ చేసే సాఫ్ట్‌వేర్. తిరుపతి, చిత్తూరు ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు మొదలయ్యాయంటే ఈ ప్రశ్న తప్పదు: "సార్, సిగ్నల్ టైపు, సైజు, శాంపిల్ టైము సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలంటే ఏది పెట్టాలి?" కరకంబాడి బ్యాటరీలు పక్కనే తయారవుతుంటే ప్రాజెక్టులూ బ్యాటరీల చుట్టూనే తిరుగుతాయి కదా, ఉదాహరణకి అదే తీసుకుందాం. సిరీస్‌లో 16 లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్, ప్యాక్ నామినల్ 51.2 వోల్టులు. సెల్ వోల్టేజీ హద్దులు 2.5, 3.65. కరెంటు ఇంట్16లో (మైనస్ విలువలూ పట్టే 16 బిట్ల పూర్ణాంకం), కౌంటుకి 0.1 ఆంపియర్, ఛార్జింగ్ అప్పుడు మైనస్.

సిగ్నల్ స్పెసిఫికేషన్ బ్లాక్ సిమ్యులేషన్ మొదలవకముందే, కంట్రోల్-డి (రన్ చేయకుండా మోడల్‌ని కంపైల్ చేసి చూసే షార్ట్‌కట్) నొక్కగానే తప్పు పట్టుకుంటుంది. చెక్ స్టాటిక్ రేంజ్, అసర్షన్ లాంటి చెక్ బ్లాకులు రన్ అవుతుండగా విలువల్ని చూస్తాయి. ఒకటి అలిపిరి దగ్గరే బండి ఆపే తనిఖీ, రెండోది ఘాట్ రోడ్డు మీద కనిపెట్టుకుని ఉండేది. 16 రావాల్సిన చోట 14 వెడల్పు వెక్టర్ వస్తే దాన్ని పట్టడానికి గంటసేపు సిమ్యులేషన్ నడపక్కర్లేదు. అందుకే టైపు, డైమెన్షన్, శాంపిల్ టైము, రియలా కాంప్లెక్సా అన్న వాటికి నా ఓటు స్పెసిఫికేషన్ బ్లాక్‌కే. వైరు మీదే కూర్చుంటుంది కాబట్టి మోడల్ తెరిచినవాళ్లందరికీ కనబడుతుంది. అంతా సరిపోతే కంపైల్ అయిన మోడల్లోంచి దాన్ని సిమ్యులింకే తీసేస్తుంది, రన్ టైములో భారం ఉండదు.

అయితే చాలామంది దాన్ని పెట్టి నిశ్చింతగా ఉంటారు. అసలు చిక్కు అక్కడే. ఆ బ్లాక్ సరిచూడడమే కాదు, వైరులో ముందున్న బ్లాక్ ఏమీ చెప్పకపోతే తానే నింపేస్తుంది. కరెంటు సబ్‌సిస్టమ్ చివర డేటా టైప్ కన్వర్షన్ బ్లాక్ ఉందనుకోండి. దాని అవుట్‌పుట్ టైపు డిఫాల్టుగా "ఇన్హెరిట్ వయా బ్యాక్ ప్రాపగేషన్", అంటే కింద, తర్వాతి బ్లాకుల్లో, ఎవరు ఏది అడిగితే అదే ఇస్తుంది. దాని తర్వాత స్పెసిఫికేషన్ బ్లాక్‌లో ఇంట్16 రాస్తే సరే అంటుంది, యూఇంట్16 (మైనస్ పట్టని రకం) రాసినా సరే అంటుంది. ఎర్రర్ రాదు. ఇక రన్ చేసి 20 ఆంపియర్లతో ఛార్జింగ్ పెడితే రావాల్సిన మైనస్ 200 కౌంట్లు కాస్తా చుట్టు తిరిగి 65336 అవుతాయి, ఎందుకంటే కన్వర్షన్ బ్లాక్‌లో సాచురేట్ ఆప్షన్ (హద్దు దాటితే హద్దు దగ్గరే ఆపేది) డిఫాల్టుగా ఆఫ్. ప్యాక్ కరెంటు 6533.6 ఆంపియర్లు! డయాగ్నస్టిక్ వ్యూయర్‌లో ఓవర్‌ఫ్లో వార్నింగ్ వస్తుంది గానీ, దాన్ని చదివేదెవరు?

చేయాల్సింది చిన్న పనే. కన్వర్షన్ బ్లాక్‌లో అవుట్‌పుట్ టైపు ఇంట్16 అని నేరుగా రాయాలి. అప్పుడు కింద ఎవరైనా యూఇంట్16 పెడితే కంట్రోల్-డి దగ్గరే ఎర్రర్ వస్తుంది. శాంపిల్ టైముదీ ఇదే కథ: సోర్స్ బ్లాక్‌లో మైనస్ 1 (పక్క బ్లాకుల నుంచి తీసుకో అని) వదిలేస్తే కింద రాసిన 0.01 వెనక్కి పాకి సోర్స్‌కే అంటుకోవచ్చు. కాబట్టి తనిఖీ పెట్టిన ప్రతిచోటా ఒకసారి కావాలనే తప్పు విలువ రాసి కంట్రోల్-డి కొట్టండి. ఎర్రర్ రాకపోతే అక్కడ మీకు తనిఖీ లేనట్టే. ఇంకోమాట, స్పెసిఫికేషన్ బ్లాక్ టైపు మార్చదు. డబుల్ వస్తుంటే ఇంట్16 చేసిపెడుతుందని ఆశపడొద్దు, దానికి కన్వర్షన్ బ్లాకే కావాలి.

ఇందులో మినిమమ్, మ్యాక్సిమమ్ గడులు కూడా ఉంటాయి. 2.5, 3.65 నింపేసి అయిపోయిందనుకుంటారు. కాన్ఫిగరేషన్‌లో డయాగ్నస్టిక్స్, డేటా వ్యాలిడిటీ కింద "సిమ్యులేషన్ రేంజ్ చెకింగ్" డిఫాల్టుగా "నన్". దాన్ని ఎర్రర్‌కి మార్చేదాకా సెల్ 4 వోల్టులు దాటినా నోరు మెదపదు.

సిగ్నల్ ఆబ్జెక్ట్ అంటే సిగ్నల్ లక్షణాల్ని ఒక పేరుతో విడిగా దాచుకునే వేరియబుల్. అదీ దాదాపు ఇవే చూస్తుంది. పదిచోట్ల వాడే సిగ్నల్ లక్షణాలు ఒక్కచోట ఉంచుకోవచ్చు, కోడ్ జనరేషన్‌కి స్టోరేజ్ క్లాస్ (కోడ్‌లో ఆ సిగ్నల్‌ని ఎలా ఉంచాలో చెప్పేది) కూడా దాంట్లోనే ఇవ్వొచ్చు. కంపెనీ పనికి అది పెద్ద సౌకర్యం, కాదనను. స్టూడెంట్ ప్రాజెక్టుకి వచ్చేసరికి మాత్రం అది మామూలుగా బేస్ వర్క్‌స్పేస్‌లో (మాట్‌ల్యాబ్ మెమరీలో) ఉంటుంది, మోడల్ ఫైలు ఒక్కటే పెన్‌డ్రైవ్‌లో వెళుతుంది. ల్యాబ్‌లో నడిచింది హాస్టల్లో నడవదు. సిగ్నల్ ప్రాపర్టీస్‌లో "రిజాల్వ్" టిక్ ఉంటే ఆబ్జెక్ట్ దొరకలేదని ఎర్రర్ అయినా వస్తుంది, అది నయం. టిక్ లేకుండా పేరు కలిస్తే చాలు అన్న సెట్టింగ్‌లో ఉంటే పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా తనిఖీ చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది. వాడాలనే ఉంటే డేటా డిక్షనరీలో (ఇలాంటివి దాచే విడి ఫైలు) పెట్టి మోడల్‌కి లింక్ చేయండి, ఆ డిక్షనరీ ఫైలు కూడా మోడల్‌తో పాటే పంపండి.

చెక్ స్టాటిక్ రేంజ్‌కి పోటీ లేదు, విలువలకి అదే. 16 సెల్స్ వెక్టర్‌కి ఒక్క బ్లాక్ చాలు. పెట్టగానే సిమ్యులేషన్ సున్నా సెకను దగ్గరే ఆగిపోయిందంటే ముందు యూనిట్ డిలే (విలువని ఒక శాంపిల్ ఆలస్యంగా ఇచ్చే బ్లాక్) చూడండి. దాని ఇనిషియల్ కండిషన్ డిఫాల్టుగా 0, అది 2.5 కన్నా తక్కువే కదా. 3.2 పెడితే సరి. పొడవాటి రన్‌లకి "స్టాప్ సిమ్యులేషన్" టిక్ తీసేసి, అసర్షన్ అవుట్‌పుట్‌ని వర్క్‌స్పేస్‌కి పంపితే ఎప్పుడెప్పుడు హద్దు దాటిందో అంతా దొరుకుతుంది.

ఇన్‌పోర్ట్‌లో (సబ్‌సిస్టమ్‌లోకి సిగ్నల్ వచ్చే బ్లాక్) రాసే లక్షణాలు స్పెసిఫికేషన్ బ్లాక్ లాంటివే. సబ్‌సిస్టమ్ మీదైతే అవి చాలు. ప్రోబ్ బ్లాక్ వెడల్పు, శాంపిల్ టైము చూపిస్తుందంతే, ఎర్రర్ ఇవ్వదు.

వేగం కోసం ఎవరైనా "మోడల్ వెరిఫికేషన్ బ్లాక్ ఎనేబ్లింగ్"ని "డిజేబుల్ ఆల్" చేసి వదిలేసి ఉంటే పైన చెప్పిన చెక్ బ్లాకులు ఒక్కటీ పనిచేయవు. రివ్యూకి ముందు ఆ సెట్టింగ్ ఒకసారి చూసుకోండి.