దిగే ముందు ఒకసారి చూడటమా, దిగాక కూడా చూస్తూ ఉండటమా?

ట్యాంకులోకో మ్యాన్‌హోల్‌లోకో దిగేటప్పుడు గాలిని పరీక్షించే పద్ధతులు రెండు. ఒకటి, మూత తీసి గ్యాస్ మీటరు (గాలిలో ఆక్సిజన్, ప్రమాదకర వాయువులు ఎంతున్నాయో చూపే పరికరం) గొట్టాన్ని లోపలికి వదిలి, అంకెలు చూసి మనిషిని దింపడం. రెండోది, దిగిన మనిషి చొక్కాకే మీటరు తగిలించి పని అయ్యేదాకా ఆన్‌లో ఉంచడం.

మొదటిది చవక. ఒక్క మీటరుతో ఎన్ని గుంతలైనా చూడొచ్చు. అయితే గొట్టాన్ని పైన, మధ్యలో, అడుగున మూడు చోట్లా కాసేపు ఆపాలి. మండే వాయువు మీథేన్ పైకి తేలుతుంది, విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ అడుగున పేరుకుంటుంది. మూత దగ్గర ఆక్సిజన్ మామూలు గాలిలో లాగే 20.9 శాతం ఉన్నంత మాత్రాన అడుగున ఏముందో తెలిసినట్టు కాదు.

దీని అసలు లోపం వేరే. ఆ అంకె ఆ నిమిషానిదే. లోపల పారతో బురదను కదిపారనుకోండి, అందులో ఇరుక్కున్న హైడ్రోజన్ సల్ఫైడ్ బుడగలు బుడగలుగా బయటికొస్తుంది. కుళ్లిన గుడ్ల వాసన వస్తుందిగా అని ముక్కును నమ్ముకోవద్దు. 100 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 100 భాగాలు) దగ్గరికొచ్చేసరికి ముక్కు మొద్దుబారి వాసనే తెలియకుండా పోతుంది. ఒంటి మీది మీటరు అంతకంటే చాలా ముందే మోగుతుంది. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గినా మోగుతుంది. మోగిందా, పార అక్కడే వదిలేసి పైకి రావాలి.

రెండోదానికి ఖర్చుంది, ఛార్జింగ్ ఉంది, మోగుతుందో లేదో ముందే చూసుకునే పనీ ఉంది. అయినా బురద కదిపే పనికి, వెల్డింగుకి, పెయింటుకి అది లేకుండా నేను ఎవర్నీ దిగనివ్వను. అలాగని మొదటిది మానేయలేం. ఒంటి మీది మీటరు మోగేసరికి మనిషి అప్పటికే లోపల ఉంటాడు.