ప్యానెల్‌కి నాలుగు మార్కులు, నా వైరింగ్‌కి రెండు

ఎనిమిది జోన్ల (జోన్ అంటే ఒక తలుపునో, కిటికీనో, గదినో కాపలా కాసే లైను) వైర్డ్ దొంగల అలారం ప్యానెల్ ఒకటి నా చేతులతో నేనే బిగించి ఆరేళ్లు దాటింది. ఈ ఆరేళ్లలో మా సైరన్ ఊరికే మోగింది పదకొండు సార్లు. ప్రతిసారీ తేదీ, జోన్, కారణం ఒక పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. అందులో ప్యానెల్ చేసిన తప్పు ఒక్కటీ లేదు. ఒకటి సాలీడు ఖాతాలోది, రెండు మా నాన్న ఖాతాలోవి. మిగిలిన ఎనిమిదీ నావే.

వస్తువు సంగతి ముందు చెప్పేస్తాను. ఇనప డబ్బా, అందులో సర్క్యూట్ బోర్డు, ఒక మూల ట్రాన్స్‌ఫార్మర్, అడుగున 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ సీల్డ్ బ్యాటరీ. డబ్బాని మెట్ల కింది గదిలో పెట్టాను. గుమ్మంలోంచి వచ్చేవాడికి కనపడకూడదు, దాని దాకా వెళ్లాలంటే కనీసం ఒక మోషన్ సెన్సర్ ముందు నడవాలి, అంతే లెక్క. మెయిన్స్ కనెక్షన్ ఎలక్ట్రీషియన్‌తో ఇప్పించాను. తక్కువ వోల్టేజి పనంతా నాది.

సెన్సర్లకి 22 గేజ్ నాలుగు కోర్ల వైరు లాగాను. కీప్యాడ్‌కి కూడా అదే వైరు: ఎరుపు, నలుపు పవర్‌కి, పసుపు, ఆకుపచ్చ డేటాకి. ఈ రెండోజత నేను తారుమారు చేశాను. కీప్యాడ్ లైట్లు వెలుగుతాయి గానీ ఏ మీట నొక్కినా ఉలకదు, పలకదు. కీప్యాడే పాడైందనుకుని వెనక్కి పంపబోయాను కూడా.

అసలు కథ రెసిస్టర్లది. ప్యానెల్‌తో పాటు చిన్న పొట్లంలో 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు (కరెంటుకి అడ్డు తగిలే బుల్లి ముక్కలు, ఆ అడ్డుకి కొలత ఓమ్) వస్తాయి, పసుపు, ఊదా, ఎరుపు పట్టీలతో. వీటిని ‘లైను చివర’ పెట్టమని మాన్యువల్లో ఉంది. లైను చివర అంటే సెన్సర్ దగ్గర. అక్కడ ద్వారబంధంలో వేలు దూరే చోటు కూడా లేదు. ప్యానెల్ టెర్మినళ్ల దగ్గర బోలెడంత చోటుంది. ఎనిమిదింటినీ అక్కడే బిగించేశాను. అన్ని జోన్లూ చక్కగా పనిచేశాయి, తలుపు తీస్తే ఎరుపు, వేస్తే ఆకుపచ్చ. మాన్యువల్ రాసినవాళ్లకి చాదస్తం ఎక్కువ అనుకున్నాను.

రెండేళ్ల తర్వాత ఒకరోజు వెనక తలుపు తీస్తే కీప్యాడ్ ‘టింగ్ టింగ్’ అనలేదు. ఈ చైమ్ మా ఇంట్లో అందరూ రోజూ వాడే ఒకే ఒక్క సదుపాయం, అలారం పెట్టకపోయినా ఏ తలుపు తీసినా మోగుతుంది. సౌండ్ తగ్గించారేమో అనుకున్నాను. ముందు తలుపుకి మోగింది, వెనకదానికి లేదు. తలుపు బార్లా తెరిచి ఉన్నా కీప్యాడ్ మీద ఆకుపచ్చ లైటే. గోడ వెంట వైరు పోయిన దారి చూసుకుంటూ వెళ్తే, అంతకు నెల ముందు గోడ గడియారం కోసం నేను దిగ్గొట్టిన మేకు కనిపించింది. సరిగ్గా వైరు మీదే. మేకు రెండు తీగల్నీ కలిపేసింది.

ప్యానెల్ చూసేది తలుపుని కాదు, లైన్లో ఎన్ని ఓమ్‌లు ఉన్నాయన్నదాన్ని. 4.7 కిలో కనపడితే అంతా క్షేమం. తలుపు తెరిస్తే మాగ్నెటిక్ కాంటాక్ట్ (తలుపుకుండే అయస్కాంతపు స్విచ్) విడిపోతుంది, లైను తెగినట్టు కనపడుతుంది. రెసిస్టర్ డబ్బాలోనే ఉంటే, దారిలో వైరు షార్ట్ అయినప్పుడు కూడా దానికి అదే 4.7 కనపడుతుంది. అవతల తలుపు ఊడబెరికి పట్టుకెళ్లినా దానికి తెలియదు. అదే రెసిస్టర్ కాంటాక్ట్ పక్కన ఉండుంటే షార్ట్ అవగానే సున్నా ఓమ్‌లు కనపడేవి, మేకు దిగిన నిమిషంలోనే కీప్యాడ్ గోల చేసేది. నెల రోజులు మా పెరటి తలుపుకి కాపలా లేనట్టే, నేనేమో రోజూ రాత్రి కోడ్ నొక్కి నిశ్చింతగా పడుకున్నాను.

తర్వాత వారాంతం రెండు రోజులు కూర్చుని ఎనిమిది రెసిస్టర్లనీ సెన్సర్ల దగ్గరికి మార్చాను. మోషన్ సెన్సర్లకి రెండేసి రెసిస్టర్ల పద్ధతి పెట్టాను: మామూలుగా 4.7, ఎవరైనా కదిలితే 9.4, సున్నా గానీ అనంతం గానీ కనపడితే ఎవరో వైరు జోలికి వచ్చారని అర్థం. ద్వారబంధంలో చోటు లేదన్న నా సాకు ఉలి, పావుగంట ఓపిక ఉంటే తీరిపోయేదే.

నా ఎనిమిది తప్పుడు మోతల్లో ఐదు ఐదో జోన్‌వి, అంటే హాలు కిటికీ. అన్నీ తెల్లవారుజామునే, చలి రోజుల్లోనే. ప్యానెల్లో ఈవెంట్ లాగ్ ఉంటుంది, ఏ జోన్ ఎన్నింటికి మోగిందో అందులో పడుతుంది. అది లేకపోతే నేను ఈ పాటికి డబ్బాని గోడ నుంచి పీకేసేవాణ్ణి. కాంటాక్ట్ రెండుసార్లు మార్చాను, లాభం లేదు. చివరికి ఆ జోన్ తీగల్ని టెర్మినల్ నుంచి విప్పి (విప్పకుండా కొలిస్తే ప్యానెల్ వోల్టేజి కలిసి మీటర్ తప్పు చూపిస్తుంది) మల్టీమీటర్ తగిలించి, కిటికీ దగ్గర వైరుని మెల్లగా కదిపి చూశాను. 4.7 ఉన్న అంకె 6.1కి వెళ్లింది, మాయమైంది, మళ్లీ 4.7కి వచ్చింది. చట్రం వెనక నేను వేసిన జాయింట్ అది, మెలిపెట్టి టేపు చుట్టింది. టేపు జిగురు ఎండిపోయి చేతిలోకి ఊడొచ్చింది, లోపల రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది. చలికి లోహం ముడుచుకుంటే ఆ జాయింట్ రవ్వంత వదులయ్యేది, పొద్దెక్కి వేడెక్కితే మళ్లీ తగులుకునేది. సోల్డరింగ్ చేసి, పైన హీట్ ష్రింక్ ట్యూబ్ తొడిగాను. మూడేళ్లయింది, ఐదో జోన్ కిక్కురుమనలేదు. దారిలో జాయింట్లు లేకుండా డబ్బా దాకా ఒకే తీగ లాగి ఉంటే ఇదంతా లేకపోను. నేను ఆదా చేసింది నాలుగు మీటర్ల వైరు.

మిగిలిన మూడు మోతలు ఒక మోషన్ సెన్సర్‌వి. పడమటి కిటికీకి ఎదురుగా పెట్టాను, సాయంత్రం ఎండ నేరుగా దాని మొహాన పడేది. అది చూసేది వేడిలో వచ్చే మార్పుని కదా. పక్క గోడకి, నేల నుంచి 2.2 మీటర్ల ఎత్తున మార్చాను. మనిషి దానికి ఎదురుగా నడిచొస్తే కాస్త ఆలస్యంగా పట్టుకుంటుంది, అడ్డంగా దాటితే వెంటనే పట్టుకుంటుంది. కాబట్టి కొత్త చోటు అన్ని విధాలా నయం. సాలీడు మాత్రం లెన్స్ మీదే సంసారం పెట్టింది, దాన్నేం అంటాం.

మా నాన్నవి రెండూ ఒకే రకం. బయటి నుంచి వచ్చి, చెప్పులు విడిచి, కళ్లజోడు వెతుక్కుని కోడ్ నొక్కేలోపు 30 సెకన్లు అయిపోయేవి. “ఒరేయ్, నీ డబ్బా నన్నే దొంగంటోంది, వచ్చి దాని నోరు మూయించు” అని ఫోన్. లోపలికొచ్చే గడువు 45 సెకన్లు చేశాక గొడవ లేదు.

సైరన్ విషయంలో కూడా మొదట వైరు దగ్గరే పప్పులో కాలేశాను. మా సైరన్ ఒక ఆంపియర్ లాగుతుంది, డబ్బా నుంచి 30 మీటర్ల దూరం. 22 గేజ్ తీగ కిలోమీటరుకి 53 ఓమ్‌ల చొప్పున, రానూపోనూ 60 మీటర్లకి 3 ఓమ్‌లు పైనే అవుతుంది. అంటే 12 వోల్టుల్లో మూడు దారిలోనే ఆవిరి. సైరన్ జలుబు చేసిన గొంతుతో మూలిగింది. 18 గేజ్‌కి (గేజ్ అంకె తగ్గితే తీగ లావు) మార్చాక నష్టం వోల్టున్నర లోపుకి వచ్చింది, గొంతు తెరుచుకుంది.

ప్యానెల్‌కి ఒక మార్కు తగ్గించింది ముఖ్యంగా బ్యాటరీ వ్యవహారానికి. మూడున్నరేళ్లప్పుడు ఒకసారి మెయిన్స్ పోతే నలభై నిమిషాల్లో అంతా చీకటి. కొత్తలో అదే బ్యాటరీ రాత్రి నుంచి మర్నాడు సాయంత్రం దాకా నిలబడింది, మొత్తం పరికరాలు లాగేది 260 మిల్లీ ఆంపియర్లు. అంతకుముందు రోజు కూడా, లోపం ఉంటే వెలగాల్సిన పసుపు లైటు వెలగలేదు. ప్యానెల్ తనంతట తాను బ్యాటరీని పరీక్షిస్తుంది గానీ ఆ పరీక్ష క్షణాల్లో ముగుస్తుంది, ముసలి బ్యాటరీ ఆ కాసేపూ ఎలాగో నెట్టుకొస్తుంది. ఛార్జింగ్‌లో ఉండగా కొలిస్తే 13.7 వోల్టులు దర్జాగా చూపిస్తుంది, దాన్ని నమ్మకండి. నేనిప్పుడు బ్యాటరీ మీద మార్కర్‌తో తేదీ రాస్తున్నాను, మూడేళ్లు నిండగానే మార్చేస్తున్నాను. ఆరు నెలలకోసారి మెయిన్స్ ఆపి, ఒక గంట బ్యాటరీ మీదే నడిపి చూస్తాను.

ప్రోగ్రామింగ్ అంతా మూడంకెల సెక్షన్ నంబర్లతోనే, కీప్యాడ్ మీద గుడ్డిగా నొక్కుకుంటూ పోవాలి. ఒకసారి నేర్చుకున్నాక మళ్లీ అవసరం పడదు, పడేసరికి మరిచిపోతాం. నా సెట్టింగులన్నీ ఒక కాగితం మీద రాసి డబ్బా మూత లోపల అంటించాను. ఇన్‌స్టాలర్ కోడ్ (ఆ సెట్టింగులు మార్చడానికి కావాల్సింది) మాత్రం ఆ కాగితం మీద లేదు, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కోడ్‌ని మొదటిరోజే మార్చేశాను.

మళ్లీ కొనాల్సి వస్తే ఇదే బోర్డు కొంటాను, డబ్బా మాత్రం ఒక సైజు పెద్దది తీసుకుంటాను. ఎనిమిది జోన్ల వైర్లూ, రెండు కీప్యాడ్‌లవీ, సైరన్‌దీ కలిసి మూత వేయాలంటే ఇప్పటికీ మోకాలితో నొక్కాల్సి వస్తోంది.