‘హ్యుమానిటీ అండ్ సొసైటీ’: ఏళ్ల తరబడి చదివిన మీదట

సమాజాన్ని చదవడం మనుషుల మేలు కోసమే కావాలనే మానవతావాద సమాజశాస్త్రానికంటూ అమెరికాలో ‘హ్యుమానిటీ అండ్ సొసైటీ’ అనే పరిశోధన పత్రిక ఉంది. ఆల్‌ఫ్రెడ్ మెక్‌క్లంగ్ లీ, ఎలిజబెత్ బ్రయంట్ లీ దంపతులు మరికొందరితో కలిసి 1976లో స్థాపించిన సంఘం దీన్ని 1977 నుంచి నడుపుతోంది. ఏడాదికి నాలుగు సంచికలు. పీహెచ్‌డీ రోజుల్లో మొదలుపెట్టాను, ఇప్పుడు పాఠం చెప్పడానికీ వాడుతున్నాను.

నేను దీన్ని వదలకపోవడానికి కారణం ఒక్కటే. వ్యాసం మొదట్లోనే, సారాంశం పక్కన, రచయిత స్వీయ వివరణ ఉంటుంది. ఈ అంశంతో తనకేమి సంబంధం, ఏ వైపు నిలబడి చూస్తున్నారు అన్నది కొన్ని వాక్యాల్లో చెప్పాలి. చాలా పత్రికల్లో రచయితకు ఊరూ పేరూ ఉండవు, తీర్పులు మాత్రం ఉంటాయి. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. నేను ముందు ఆ వివరణ చదివి, నేరుగా సమాచారం ఎలా సేకరించారో చెప్పే భాగానికి వెళతాను. ఉద్యమంలో తానూ ఉన్నానన్న మనిషి ఆ ఉద్యమం గిట్టనివాళ్లను కలిశాడా? వ్యాసం గట్టిదో డొల్లో సగం అక్కడే తేలిపోతుంది.

పోచంపల్లి చేనేత మీద పనిచేస్తున్న ఒక విద్యార్థిని చేత ఇలాంటి వివరణే రాయించాను. అప్పటిదాకా ఆమె ప్రశ్నలన్నీ మగ్గం మీద కూర్చునేవారికే. ఇంట్లో అమ్మ కండెలు చుట్టేదని రాసుకున్నాక, కూలి లెక్కకు ఎక్కని ఆ పని గురించి ప్రశ్నలు చేరాయి.

అయితే ఈ పద్ధతి తంతుగా మారే ప్రమాదమూ ఉంది. జాతి, లింగం, వర్గం సంకల్పంలో గోత్రనామాల్లా వరుసగా చదివేసి, ఆపైన ఆ ఊసే ఎత్తని రచనలు ఎక్కడైనా కనిపిస్తాయి. ఇంకో చిక్కు: ప్రచురణకు ముందు వ్యాసాన్ని తూచే పరిశీలకులకు రచయిత ఎవరో తెలియకూడదు, కానీ రచయిత తన గురించి చెప్పుకోవాలి! ఎంత చెప్పాలో తూచి రాయడం కత్తిమీద సామే. మరో పత్రికకు నేను పంపిన వ్యాసంలో ఇలాంటి పేరా ఉంటే శాస్త్రీయం కాదని తీసేయమన్నారు. వాళ్లకంటే ఈ తలనొప్పే నయం.

ఈ పత్రికలో అమెరికా విషయాలే ఎక్కువ. పుస్తక సమీక్షలు మాత్రం తప్పక చూస్తాను.

అసలు ఇబ్బంది అందుబాటు. ‘సమాజశాస్త్రం ఎవరి కోసం?’ అన్నది 1976లో అమెరికన్ సోషియలాజికల్ అసోసియేషన్ అధ్యక్షుడిగా ఆల్‌ఫ్రెడ్ లీ చేసిన ప్రసంగానికి పెట్టిన శీర్షిక. ఆయన సంఘం పత్రికేమో నేడు సేజ్ అనే ప్రచురణ సంస్థ ద్వారా వస్తోంది, చాలా వ్యాసాలకు చందా కావాలి. మన దేశంలో 2025 నుంచి పరిశోధన పత్రికలకు కేంద్రమే చందా కట్టే ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకంలో సేజ్ పత్రికలు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు అందుతున్నాయి. ప్రైవేటు కళాశాల అధ్యాపకులకు ఆ దారి లేదు. వారు ముందుగా రచయిత విశ్వవిద్యాలయం ఆన్‌లైన్ భాండాగారంలో ఆమోదిత ప్రతి (పత్రిక అంగీకరించాక, అచ్చుకు ముందున్న రచయిత ప్రతి) ఉందేమో వెతకాలి. లేకపోతే రచయితకే ఈమెయిల్ రాయాలి. అడిగితే పంపేవారు చాలామందే ఉన్నారు.