మూడేళ్లు ఇనప బెంచీ మీద కూర్చున్న తాతయ్య రివ్యూ: ఒక షటిల్ అకాడమీ

ముందే చెప్తున్నాను, నాకు షటిల్ ఆడటం రాదు. ఆర్టీసీ డిపోలో గుమస్తాగా రిటైరై హైదరాబాద్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మనవరాలిని స్కూటీ మీద అకాడమీలో దించడం, అయ్యాక ఇంటికి తీసుకురావడం నా డ్యూటీ. అలా మూడేళ్లు కోర్టుల పక్కనున్న ఇనప బెంచీ మీద గడిపాను. కొందరు కోచ్‌లు వచ్చారు, మానేశారు, నేను మాత్రం మానలేదు. అకాడమీ పేరు రాయను. రేపు పొద్దున్న మళ్లీ అక్కడికే వెళ్లాలి.

ఆరు కోర్టులు, చెక్క మీద సింథటిక్ మ్యాట్. పైన రేకులు. ఫ్యాన్లు వెయ్యరు. షటిల్ బరువు అయిదు గ్రాములు, చిన్న గాలికే పక్కకి పోతుంది కాబట్టి అందులో వాళ్ల తప్పేం లేదు. కానీ మే నెలలో ఊరికే కూర్చున్న నాకే బనీను తడిసిపోతుంది, ఆడే పిల్లల సంగతి చెప్పక్కర్లేదు. క్యాంటీన్‌లో పఫ్‌లు, కూల్‌డ్రింకులు తప్ప ఇంకేం ఉండవు. గోడ మీద ‘క్రీడాకారుల ఆహారం’ అని పెద్ద చార్టు మాత్రం ఉంది.

ఆట నేర్పే పద్ధతికి నేను పూర్తి మార్కులు వేస్తాను. చేరిన మొదటి రెండు నెలలు పిల్లని షటిల్ ముట్టుకోనివ్వలేదు. రాకెట్ పిడి మీద స్కెచ్ పెన్‌తో గీత గీసి బొటనవేలు ఎక్కడ ఉండాలో చూపించారు. తర్వాత షాడో. అంటే ముందు రెండు మూలలు, వెనక రెండు మూలలు, అటూ ఇటూ పక్కలు, ఈ ఆరు చోట్లకీ షటిల్ లేకుండా పరుగెత్తి మళ్లీ మధ్యకి రావడం. ‘నాలుగు వేలు కట్టింది గాల్లో చెయ్యి ఊపడానికా’ అని ఇంట్లో గొణిగాను. మూడో నెలలో షటిల్ ఇచ్చాక చూస్తే, బయట ఎక్కడో నేర్చుకుని వచ్చిన పిల్లలు షటిల్ వెనకాల పరుగెడుతున్నారు, మా పిల్ల షటిల్ కంటే ముందు అక్కడ ఉంటోంది. నా గొణుగుడు వెనక్కి తీసుకున్నాను.

ఇంట్లో వచ్చిన మార్పులు ఇంకా బాగున్నాయి. తొమ్మిదిన్నరకల్లా నిద్ర. రాగిజావ పేచీ లేకుండా తాగుతుంది. కిట్ బ్యాగు తనే సర్దుకుంటుంది, సాక్సులు తనే ఉతుక్కుంటుంది. పక్కింటివాళ్లు వస్తే నా వెనక దాక్కునే పిల్ల, ఇప్పుడు పెద్ద క్లాసు అబ్బాయిల దగ్గరికి వెళ్లి ‘అన్నా, కోర్టు టైమైపోయింది, దిగండి’ అంటోంది.

ఇదంతా రెగ్యులర్ బ్యాచ్ కథ. వారానికి నాలుగు రోజులు, రోజుకి గంట.

రెండో ఏడాది చివర్లో ఓనరు మా అబ్బాయిని లోపలికి పిలిచాడు. ఆ గది గోడ నిండా ఫొటోలే. 2001లో ఆల్ ఇంగ్లండ్ అనే పెద్ద షటిల్ టోర్నమెంట్ గెలిచిన గోపీచంద్, 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన సైనా, 2016 రియో ఒలింపిక్స్‌లో రజతం తెచ్చిన సింధు. ‘మీ పాపలో స్పార్క్ ఉంది సార్, కాంపిటీషన్ బ్యాచ్‌లో వేద్దాం’ అన్నాడు. ఆ ఫొటోల కింద కూర్చుని కాదనడం ఎవరి తరం? ఒక్క మాట మాత్రం నాకు తట్టింది, పైకి అనలేదు. సింధు అమ్మా నాన్నా ఇద్దరూ వాలీబాల్ ఆటగాళ్లు, నాన్న 1986 ఆసియా క్రీడల్లో పతకం తెచ్చిన జట్టులో ఉన్నాడు. ఆ ఇంట్లో దెబ్బంటే తెలుసు, ఓటమంటే తెలుసు. మా ఇంట్లో అబ్బాయి సాఫ్ట్‌వేర్, కోడలు బ్యాంకు, నేను టిక్కెట్ల లెక్క.

ఫీజు నాలుగు వేల నుంచి పది వేలయింది. ఈకల షటిల్స్ మనమే కొనాలి, గట్టింగ్, అంటే రాకెట్‌కి తీగలు వేయించడం వేరే, టోర్నమెంట్ ఎంట్రీలు వేరే. డబ్బు సరే. పొద్దున్న గంటన్నర, సాయంత్రం రెండున్నర గంటలు, వారానికి ఆరు రోజులు. మొత్తం ఇరవై నాలుగు గంటలు, పిల్లకి పదకొండేళ్లు.

అయిదో నెలలో మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం చూశాను. మోకాలి చిప్ప కింద చిన్న బుడిపె, ముట్టుకుంటే నొప్పి. కోచ్‌కి చెబితే, ‘గోపీ సార్ మోకాలి ఆపరేషన్ తర్వాతే కదా అంకుల్ ఆల్ ఇంగ్లండ్ కొట్టింది’ అన్నాడు. నిజమే బాబూ, కానీ ఆయన అప్పటికి ఇరవైల్లో ఉన్నాడు, ఇది ఇంకా పాలపళ్లు ఊడుతున్న పిల్ల. ఎముకల డాక్టరు చూసి, దీన్ని ఆస్‌గుడ్ ష్లాటర్ అంటారు, ఎముక ఎదిగే వయసులో గంతులు ఎక్కువైతే వస్తుంది, భయపడేది కాదు కానీ తగ్గించాలి అన్నారు. ఇంకో లెక్క కూడా చెప్పారు. పిల్లకి ఎన్నేళ్లో, వారానికి అన్ని గంటలు దాటకుండా ఆడించమన్నారు. మాది రెట్టింపు దాటింది. మూడు నెలల ఫీజు ముందే కట్టాం, ఆరు వారాలు రెస్ట్ అన్నారు. అకాడమీవాళ్లు డబ్బు తిరిగివ్వరట, రసీదు వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉందట. నా కళ్లజోడుకి అవి ఆనలేదు.

అంతకు ముందు నెలలోనే వరంగల్‌లో ఒక టోర్నమెంట్ జరిగింది, పదమూడేళ్ల లోపు విభాగం. తొమ్మిదింటికి అన్న మ్యాచ్ మూడున్నరకి మొదలైంది. గ్యాలరీలో తల్లిదండ్రులు ఎదుటి పిల్లల ఎత్తు చూసి, ‘అది పదమూడా? అసలు వయసు తేలాలంటే మణికట్టు ఎక్స్‌రే తీయించాలి’ అని గుసగుసలు. మూడో గేమ్, పంతొమ్మిది పంతొమ్మిది, ఇక వరసగా రెండు పాయింట్లు ఎవరు కొడితే వాళ్లదే మ్యాచ్. ఎదుటి పిల్ల కొట్టిన షటిల్ మావైపు వెనక గీత దగ్గర పడింది. మొదటి రౌండు కాబట్టి లైన్ జడ్జిలు లేరు. అంపైర్ మా పిల్ల వైపు చూశాడు. ‘ఇన్’ అంది, అంటే పాయింటు ఎదుటి పిల్లకే. తర్వాతి పాయింటూ పోయింది, మ్యాచ్ పోయింది. నా వెనక ఎవరో ‘పిచ్చిపిల్ల’ అన్నారు. అబద్ధం ఎందుకు, ఆ క్షణంలో నేనూ మనసులో అదే అనుకున్నాను.

కారులో జనగామ దాటేదాకా ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు నా చెవి దగ్గరికి వచ్చి, ‘తాతయ్యా, అది లోపలే పడింది కదా?’ అని అడిగింది. లోపలే తల్లీ అన్నాను. మర్నాడు కోచ్ అందరి ముందూ అన్న మాట: ‘లైన్ చెప్పడం అంపైర్ పని, నీ పని కాదు.’

ఈ అకాడమీ మీద నా అసలు ఫిర్యాదు మోకాలు కాదు, ఇది. ముప్పై రెండు మంది డ్రాలో, అంటే ఎవరు ఎవరితో ఆడాలో రాసిన పట్టికలో, మొదటి రౌండ్‌కే పదహారు మంది ఇంటికి వెళ్లిపోతారు. అది ఎవరి చేతకానితనమూ కాదు, డ్రా లెక్క అంతే. ఆ పదహారు మందితో ఆ సాయంత్రం ఏం మాట్లాడాలో ఇక్కడ ఎవరికీ తెలీదు. స్మాష్‌కి ఒక కోచ్, ఫిట్‌నెస్‌కి ఒక కోచ్ ఉన్నారు. ఓడిన పిల్ల పక్కన కూర్చోవడానికి మాత్రం ఆ విద్య రాని మా బెంచీ బ్యాచే గతి, మేమేమో పిచ్చిపిల్ల అంటాం.

పిల్లని మాన్పించలేదు. తనే మానను అంది. మళ్లీ రెగ్యులర్ బ్యాచ్‌లో వేశాం, ఏడాదికి రెండు టోర్నమెంట్లు, అవీ దగ్గర్లోవి. మా అబ్బాయి కొన్నాళ్లు ముఖం మాడ్చుకున్నాడు, ‘స్పోర్ట్స్ కోటా’ అని ఒకటి రెండుసార్లు అన్నాడు. ఇప్పుడు ఆదివారాలు తనే రాకెట్ పట్టుకుని కూతురితో ఆడుతున్నాడు. వాడికి పది పాయింట్లు కూడా రావు.

చేర్చాలనుకునేవాళ్లకి: రెగ్యులర్ బ్యాచ్‌కి అయిదులో నాలుగు. కాంపిటీషన్ బ్యాచ్‌కి ఒకటి, అదీ మ్యాట్ బాగున్నందుకు. పన్నెండు నిండని పిల్లల్ని ఆ ఫొటోల గదిలోకి తీసుకెళ్లకండి. ఫీజు నెలనెలా కట్టండి, ముందే కడితే పది శాతం తగ్గిస్తామంటారు, ఒప్పుకోకండి. మంచినీళ్లు ఇంటినుంచే పట్టుకెళ్లండి. మంగళవారం బాత్రూముల్లో నీళ్లు రావు. ఎడమవైపు చివరి బెంచీ మాత్రం నాది, ఫ్యాన్ లేని ఆ హాల్లో కాస్త గాలి ఆడేది అక్కడే.