స్లీపింగ్ బ్యాగ్ మీద మైనస్ 10 అని ఉంటే నమ్మొద్దండి, కేదార్‌కంఠలో నేను చచ్చి బతికొచ్చినా

మన అనంతపురం, కడప, కర్నూలు సైడ్ నుంచి ఈ చలికాలం ఎవరన్నా హిమాలయాల ట్రెక్‌కి పోవాలనుకుంటాంటే స్లీపింగ్ బ్యాగ్ కొనేముందు ఇది చదవండి ప్లీజ్. ఇప్పటికే కొనేసింటే లోపల కుట్టు దగ్గర ఒక చిన్న తెల్ల ట్యాగ్ ఉంటుంది, అది ఈ రోజే చూడండి, రిటర్న్ డేట్ దాటకముందే.

పోయిన డిసెంబర్‌లో నేనూ మా బామ్మర్దీ ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ ట్రెక్‌కి పోయినాం. ట్రెక్ వాళ్లు బ్యాగూ మ్యాటూ వాళ్లే ఇస్తామన్నారు కానీ ఎవరెవరో పడుకున్నవి మనకెందుకులే అని నేను దసరా ఆఫర్‌లో ఆన్‌లైన్‌లో ఒక సెల్లర్ దగ్గర 2,300 పెట్టి సొంతంగా కొన్నా. ఫొటోలో మంచు కొండ, టెంటు, పక్కన పెద్ద అక్షరాల్తో మైనస్ 10 డిగ్రీలు అని. రివ్యూలు అన్నీ బాగున్నాయి, మెత్తగా ఉంది, బరువు లేదు, కలర్ సూపర్ అని, ఒక్కరు కూడా మంచులో పడుకున్నట్టు రాయలేదు, అది నేను అప్పుడు గమనించలేదు. నవంబర్‌లో ఒక రాత్రి మిద్దె మీద దాంట్లో పడుకొని చూసినా, అర్ధగంటకే చెమటలు పట్టి జిప్పు తీసేసినా, అబ్బా శానా వేడిగుంది ఇంక భయం లేదనుకున్నా. అక్కడే మోసపోయినా. మన ఊర్లో చలికాలం రాత్రి కూడా 16, 17 డిగ్రీలుంటుంది, మామూలు దుప్పటి కప్పుకున్నా చెమట పట్టే చోట బ్యాగ్ టెస్ట్ చేస్తే ఏం తెలుస్తుంది చెప్పండి.

కర్ణాటక ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ, ఆడినుంచి డెహ్రాడూన్, మళ్లీ రోజంతా ఘాట్ రోడ్డులో సాంక్రి, ట్రెక్ మొదలయ్యే ఊరు. మొదటి రాత్రి జూడా కా తాలాబ్ దగ్గర ఎట్లనో గడిచింది. రెండో రాత్రి బేస్ క్యాంప్‌లో, దాదాపు 11,000 అడుగుల ఎత్తులో, బయట మైనస్ 8 ఉందని గైడ్ చెప్పినాడు. పదకొండు గంటలకి ముందు పాదాలు చల్లబడినాయి, తర్వాత జిప్పు పక్క నుంచి సన్నగా గాలి, ఆ జిప్పు వెనక గాలి ఆపే పట్టీనే లేదు. టార్చ్ పెట్టి చూస్తే లోపల దూది మాదిరి ఉండే ఫైబర్ అంతా ఒకపక్కకి జరిగిపోయి కుట్ల దగ్గర వట్టి గుడ్డ మాత్రమే ఉంది. అన్నిటికన్నా ఘోరం కింద నుంచి వచ్చే చలి, నేను పరిచింది ఇంట్లో ఉండే యోగా మ్యాట్. మన ఒంటి బరువుకి బ్యాగ్ అడుగు భాగం నలిగి అట్టలాగ అయిపోతుంది, గాలి నిలవదు, ఇంక వేడి యాడ నిలుస్తుంది, నేలే అంతా లాగేసుకుంటుంది. థర్మల్స్, ఫ్లీస్, జాకెట్టు అన్నీ ఏసుకున్నా పండ్లు టకటకా కొట్టుకుంటానే ఉన్నాయి.

మా బామ్మర్ది లేచి గైడ్‌ని పిలుచుకొచ్చినాడు. ఆయన వాళ్ల స్టాక్‌లోని పాత బ్యాగ్ ఒకటి తెచ్చి నన్ను దాంట్లోకి దూర్చి, రెండు బాటిళ్లలో వేడి నీళ్లు పోసి ఒకటి తొడల మధ్య, ఒకటి కాళ్ల దగ్గర పెట్టించి, బెల్లం ఏసిన టీ తాపినాడు. వణుకుతాండావు కాబట్టి పర్లేదు, వణుకు ఆగిపోయి మాట ముద్ద ముద్దగా వస్తే అప్పుడు ప్రమాదం అని చెప్పినాడు. వడదెబ్బ గురించి మనకి చిన్నప్పటి నుంచి చెప్తారు, చలి దెబ్బ గురించి ఎవరూ చెప్పలేదు కదా. తెల్లవారుజామున అందరూ శిఖరానికి పోయినారు, నేను పోలేకపోయినా. ఏడాది నుంచి అనుకున్నది, 12,500 అడుగుల శిఖరం, టెంట్‌లో పడుకొని అందరి బూట్ల చప్పుడు వింటా ఉండిపోయినా.

ఇంటికొచ్చినాక ఆ లోపలి ట్యాగ్ చూసినా. కంఫర్ట్ 8, లిమిట్ 4, ఎక్స్‌ట్రీమ్ మైనస్ 10. వాళ్లు బయట పెద్దగా ఏసింది ఆ చివరి నంబర్. ఇది అందరికీ తెలియాలి: స్లీపింగ్ బ్యాగ్‌లకి ఈఎన్ 13537 అని యూరప్ స్టాండర్డ్ ఉండేది, ఇప్పుడు దాని బదులు ఐఎస్ఓ 23537. దాని ప్రకారం కంఫర్ట్ అంటే ఆడమనిషి హాయిగా నిద్రపోగలిగే టెంపరేచర్, లిమిట్ అంటే మగమనిషి ముడుచుకొని ఎట్లనో రాత్రి గడిపే టెంపరేచర్, ఎక్స్‌ట్రీమ్ అంటే ఆరు గంటలు ప్రాణం నిలబడొచ్చు అని, నిద్ర లెక్క కాదు. అదీ మనిషి ఆకారంలో ఉండే వేడిచేసే బొమ్మకి థర్మల్స్ తొడిగి కింద మ్యాట్ ఏసి కొలిచేది, అంటే మంచి మ్యాట్ లేకుంటే కంఫర్ట్ నంబర్ కూడా చెల్లదు. ఆడపిల్లలు, చలి ఎక్కువ తగిలేవాళ్లు కంఫర్ట్ ఒక్కటే చూడండి, అది మీరు పోయే చోట రాత్రి టెంపరేచర్ కన్నా ఇంకో ఐదు డిగ్రీలు కిందకి ఉండాల. మూడు నంబర్లు ఇవ్వకుండా ఒకే నంబర్ ఉంటే సెల్లర్‌ని అడగండి, చెప్పకపోతే వదిలేయండి. బరువు కూడా చూడండి, నాది 900 గ్రాములు, అంత తక్కువ బరువు పాలిస్టర్ బ్యాగ్ మైనస్ 10లో నిద్రపుచ్చదు. డౌన్ అంటే బాతు ఈకల కింద ఉండే మెత్తని నూగు, అదైతే తేలికగా ఉండి వేడి ఇస్తుంది కానీ రేటు ఎక్కువ, తడిస్తే పనికిరాదు.

సెల్లర్‌కి మెసేజ్ పెడితే రిటర్న్ విండో అయిపోయింది సర్, చలి మనిషి మనిషికి మారుతుంది సర్ అన్నాడు. పది రోజుల రిటర్న్, కొన్నది అక్టోబర్‌లో, వాడింది డిసెంబర్‌లో, ఎవరికైనా ఇంతే జరుగుతుంది. ట్యాగ్ ఫొటో, వాళ్ల యాడ్ స్క్రీన్‌షాట్ పెట్టి 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో కంప్లైంట్ ఇచ్చినా, ఇంకా తేలలేదు. స్క్రీన్‌షాట్‌లు కొనేరోజే తీసి పెట్టుకోండి, తర్వాత వాళ్లు పేజీ మార్చేస్తారు, నాది మార్చేసినారు.

ఒక్కసారి పోయేవాళ్లు అసలు కొనొద్దండి, ట్రెక్ వాళ్లు ఇచ్చేదే తీసుకోండి, కాకపోతే పోయేముందే కంఫర్ట్ ఎంత, మ్యాట్ ఎట్లాంటిది అని అడగండి, సాంక్రిలో అద్దెకి కూడా దొరుకుతాయి. నీట్‌గా లేదనిపిస్తే ఒక లైనర్, అంటే పల్చని గుడ్డ సంచి, కొని లోపల ఏసుకోండి, కొంచెం వెచ్చదనం కూడా వస్తుంది. మ్యాట్ మాత్రం యోగా మ్యాట్ వద్దు, మందంగా ఉండే మడత ఫోమ్ మ్యాట్ తీసుకోండి, మంచు మీదైతే రెండు ఏసుకోండి, రెండిటి వెచ్చదనం కలిసొస్తుంది. మా అమ్మ గొర్రె బొచ్చు కంబళి తీసుకపో నాయనా అనింది, బరువని వదిలిపెట్టినా, ఆ రాత్రి అది కింద పరుచుకోనింటే సగం బాధ తప్పేది.

వచ్చినాక ఫోమ్ మ్యాట్ ఒకటి కొన్నా, మా ఇంట్లో ఊరికే ఉంది. అనంతపురం వాళ్లు ఎవరన్నా ఈసారి పోతాంటే కింద చెప్పండి, టవర్ క్లాక్ దగ్గరికి తెచ్చిస్తా, వచ్చినాక తిరిగి ఇస్తే చాలు.