గాయాలు మిగలని నవల: మూడోసారి చదివాక

ఈ మాయామంత్రాల సాహస నవలను ఆరేళ్లలో మూడుసార్లు చదివాను. మొదటిసారి ఆబిడ్స్‌లో ఆదివారం పూట రోడ్డు పక్కన కొని, రైల్లో కాజీపేట చేరేలోపు వంద పేజీలు దాటించాను. హనుమకొండలో మా డంజన్స్ అండ్ డ్రాగన్స్ బృందానికి (తలా ఒక పాత్ర పట్టుకుని, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట అది) "చందమామ తర్వాత ఇంత ఉత్సాహంగా ఇంకేదీ చదవలేదు" అని చెప్పి, నలుగురి చేతా చదివించాను. ఆ మాటను ఇప్పుడు కొంత కుదించుకోవాలి. ఉత్సాహం ఆ వంద పేజీలదే. రైలు దిగాక చదివింది పెద్దగా గుర్తు లేదు.

కథ చెప్పనవసరం లేదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడినవాళ్లకు సత్రంలో అపరిచితులు కలవడం, ముసుగు మనిషి పటం ఇవ్వడం కొత్త కాదు. 1974 నుంచి ఉన్న ఆట, దారి అరిగిపోయి ఉంటుంది. దాని మీద నాకు కోపం లేదు. ఒగ్గు కథ వినేవాళ్లకు మల్లన్న కథ ముందే తెలుసు, అయినా తెల్లవార్లూ కూర్చుంటారు. నా కోపమంతా ఇందులోని మంత్రవైద్యురాలి మీద. కత్తిపోటు తగిలినా, పాము కరిచినా ఆమె చెయ్యి వేస్తుంది, వెలుగు వస్తుంది, పడినవాడు లేచి జోకు వేస్తాడు. మూడోసారి చదువుతూ పెన్సిల్‌తో గీతలు పెట్టాను. పదకొండు అయ్యాయి.

మా ఆటలోనూ అలాంటి మంత్రం ఉంది. కానీ ఒక రాత్రి మా మరుగుజ్జు యోధుడు వంతెన మీద పడిపోయాడు. మా వైద్యుడి మంత్రాలు అప్పటికే ఖర్చయిపోయాయి. ఆట ఐదో ఎడిషన్ నియమాల ప్రకారం పడినవాడు తన వంతు వచ్చినప్పుడల్లా ఇరవై ముఖాల పాచిక వెయ్యాలి. పది, ఆపైన పడితే గెలుపు, తక్కువైతే ఓటమి. మూడు గెలుపులు ముందు వస్తే ప్రాణం నిలుస్తుంది, మూడు ఓటములు ముందు వస్తే పోతుంది. మావాడికి రెండేసి అయ్యాయి. ఆఖరి పాచిక దొర్లి బీరువా కిందికి పోయింది. బయటికి లాగి మళ్లీ వేద్దామంటే ఎవరూ ఒప్పుకోలేదు, పడిన చోటే లెక్క అన్నారు. ఐదుగురం నేల మీద బోర్లా పడుకుని ఫోను వెలుగులో చూశాం. పదకొండు. కింద ఇంటివాళ్లు పైకి వచ్చి ఏమైందని అడిగేంత గోల చేశాం.

నవలలో ఆ పాచిక లేదు. ఎవరు బతకాలో రచయిత ముందే రాసి పెట్టుకున్నాడు, పాఠకుడికీ అది తెలిసిపోతుంది. పైగా ఆటలో ఆ మంత్రం అవసరం వేరు. పాత్ర చచ్చిపోతే ఆ ఆటగాడు మిగతా సాయంత్రమంతా మిర్చి బజ్జీలు తింటూ ఊరికే కూర్చోవాలి. నవలలో అలా కూర్చునేవాడు ఎవడూ లేడు కదా, మరి ఎందుకు లేపడం? మాది ములుగు. సమ్మక్క కొడుకు జంపన్న పోరులో పడిపోయాక సంపెంగ వాగు పేరే మారిపోయిందని విని పెరిగినవాణ్ణి. ఈ పుస్తకంలో ఎవరు పడినా ఏ వాగు పేరూ మారదు.

అయితే నా మాటే పట్టుకోకండి. వారం వారం ఆడినవాడికి కనిపించే అతుకులు ఆడనివాళ్లకు కనిపించకపోవచ్చు. రెండోసారి చదివినప్పుడు నాకు జ్వరం కూడా. ఇంటర్ చదివే మా మేనల్లుడు దీన్ని రెండు రోజుల్లో ముగించి, రెండో భాగం ఉందా అని అడిగాడు. వాడికి ఆ వైద్యురాలే అందరికంటే నచ్చిందట. పుస్తకం ఇప్పుడు వాడి దగ్గరే ఉంది, తిరిగి అడగలేదు. దానితో పాటు పట్టుకుపోయిన ఇరవై ముఖాల పాచిక కోసం మాత్రం ఇప్పటికి రెండుసార్లు ఫోను చేశాను.