సెల్ఫ్ తిరుగుతుంది, బండి అందుకోదు: ముందు కరెంటా, పెట్రోలా?

సెల్ఫ్ కొడితే ఇంజిన్ గిరగిరా తిరుగుతోంది, అందుకోవడం మాత్రం లేదు. కార్బురేటర్ (పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజిన్‌కి పంపే భాగం) ఉన్న పాత మారుతి 800 ఇలా మొరాయిస్తే దాని చుట్టూ చేరినవాళ్లు రెండు పక్షాలైపోతారు. ‘ముందు కరెంటు (ప్లగ్గులో నిప్పురవ్వ) చూడు’ అని ఒకరు, ‘ముందు పెట్రోలు చూడు’ అని ఇంకొకరు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కానీ తప్పు వైపు నుంచి మొదలుపెడితే బాగున్న కార్బురేటర్‌ని విప్పి బల్ల మీద పరుచుకోవాల్సి వస్తుంది. నా ఓటు కరెంటుకే, ఒక్క సందర్భంలో తప్ప.

ఆ వాదనలోకి దిగేముందు డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి వంతులవారీగా కరెంటు పంచేది) మూత తీసి, ఎవరినైనా ఒకసారి సెల్ఫ్ కొట్టమనండి. లోపల రోటర్ తిరగాలి. ఈ బండిలో డిస్ట్రిబ్యూటర్‌నీ, పెట్రోలు పంపునీ రెండింటినీ నడిపేది ఇంజిన్ వాల్వుల్ని తెరిచే ఇరుసు, అంటే క్యామ్‌షాఫ్టే. దాన్ని తిప్పే టైమింగ్ బెల్టు తెగితే కరెంటూ రాదు, పెట్రోలూ రాదు. రోటర్ కదలకుండా నిలబడిపోయి, సెల్ఫ్ మామూలుకన్నా తేలిగ్గా, వేగంగా తిరుగుతుంటే వాదన అక్కడితో సరి. ఇక సెల్ఫ్ కొట్టకుండా బెల్టు కవర్ విప్పడమే.

రోటర్ తిరుగుతోందనుకుందాం. పెట్రోలు పక్షం వాళ్ల బలం ఏమిటంటే వాళ్ల పరీక్ష సులువు. ఎయిర్ క్లీనర్ మూత తీసి, ఇంజిన్ ఆపి ఉండగానే, యాక్సిలరేటర్ లింకుని చేత్తో లాగుతూ కార్బురేటర్ గొంతులోకి చూస్తే చాలు. సన్నటి ధారగా పెట్రోలు చిమ్మితే కార్బురేటర్‌లో పెట్రోలు నిలవుండే ఫ్లోట్ చాంబర్‌లో సరుకు ఉన్నట్టే. రెండో మనిషి అక్కర్లేదు, ప్లగ్ స్పానరూ అక్కర్లేదు. చిమ్మకపోతే ఫిల్టరు, పంపు డయాఫ్రమ్ (రబ్బరు పొర), చాంబర్‌లోకి పెట్రోలు వదిలే చోట ఇరుక్కుపోయిన నీడిల్ వాల్వ్ వరసగా చూసుకుంటూ పోవచ్చు.

అయితే ఈ పరీక్ష చెప్పేది సగమే. ధార బాగున్నా జెట్ (పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రం) మూసుకుపోయి ఉండొచ్చు, పెట్రోల్ని ఆపే, కరెంటుతో తెరుచుకునే సోలెనాయిడ్‌కి కరెంటు అందకపోయి ఉండొచ్చు. అసలు లోపం కరెంటులోనే ఉంటే, ధార చూసి ‘బాగానే ఉంది కదా’ అనుకుంటూ చోక్ లాగి సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ ప్లగ్గులు ఇంకాస్త తడుస్తాయి. మొదట ఒక జబ్బుంటే చివరికి రెండవుతాయి.

నేను కరెంటు వైపు మొగ్గడానికి కారణం అక్కడే ఉంది. నాలుగైదుసార్లు సెల్ఫ్ కొట్టాక ఒక ప్లగ్ విప్పి చూడండి. తడిగా ఉండి పెట్రోలు వాసన కొడితే పెట్రోలు వస్తోందన్నమాట. పొడిగా ఉంటే అనుమానం పెట్రోలు మీదే. అంటే కరెంటు చూడకముందే పెట్రోలు సంగతి చాలావరకు తేలిపోయింది. ఇప్పుడు అదే ప్లగ్గుని తుడిచి, వైరుకి తగిలించి, దాని లోహపు భాగం ఇంజిన్ బాడీకి ఆనేలా ప్లాస్టిక్ పిడి ఉన్న కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని సెల్ఫ్ కొట్టించాలి. ప్లగ్ తీసిన రంధ్రం లోంచి పెట్రోలు ఆవిరి బయటికి కొడుతుంది, కాబట్టి నిప్పురవ్వ దానికి దూరంగా ఉండాలి. టప్ టప్‌మని నీలంగా వస్తే మంచి కరెంటు. పసుపురంగులో నీరసంగా వస్తే తప్పు కాయిల్ (బ్యాటరీ కరెంటుని నిప్పురవ్వకి చాలినంత పెంచేది), కండెన్సర్, లేదా బ్యాటరీది. బ్యాటరీని తేలిగ్గా వదిలేయకండి: ఇంజిన్ని తిప్పే సత్తువ ఉండి కూడా, ఆ తిప్పేటప్పుడు కాయిల్‌కి చాలినంత మిగల్చని బ్యాటరీలు ఉంటాయి. తోస్తే అందుకునే బండి ఈ కోవదే కావచ్చు.

అసలు రాకపోతే కాయిల్ నుంచి వచ్చే మధ్య వైరుని డిస్ట్రిబ్యూటర్ మూత నుంచి తీసి అక్కడ చూడాలి. అక్కడ వస్తే తప్పు మూతదో రోటర్‌దో. వానాకాలంలో మూత లోపల చెమ్మ పట్టడం, కంటికి ఆనని పగులు గుండా కరెంటు జారిపోవడం మామూలే. మధ్య వైరులోనూ రాకపోతే పాయింట్లు (కాయిల్‌కి కరెంటుని తెంచి కలిపే కాంటాక్టులు), కాయిల్ చూడాలి. పాయింట్లు లేని ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్ అయితే వైర్ని గాల్లో వేలాడదీసి సెల్ఫ్ కొట్టకండి, పాయింట్ల పని చేసే ఇగ్నైటర్ కాలిపోవచ్చు.

ఇక మినహాయింపు. నెలల తరబడి కదలని బండికి ముందు పెట్రోలే చూడాలి. నిలవ పెట్రోల్లో తేలిగ్గా ఆవిరయ్యే భాగం పోయి, మిగిలింది జెట్లలో జిగటగా పేరుకుంటుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్. అది చెమ్మని పీల్చుకుంటుంది, ఆ రోజుల్లో చేసిన రబ్బరు డయాఫ్రమ్‌లకూ గొట్టాలకూ పడదు. ట్యాంకు మూత తీయగానే వార్నిష్ వాసన వస్తే ముందు దాన్ని ఖాళీ చేయండి. (షెడ్డులో ఎలుకలున్నాయా? అయితే ప్లగ్ వైర్లు మళ్లీ ముందు వరసలోకి వచ్చేస్తాయి.)

మూడో దారి కూడా ఒకటుంది: కార్బురేటర్‌లో చెంచాడు పెట్రోలు పోసి సెల్ఫ్ కొట్టడం. జవాబు త్వరగానే వస్తుంది, ఒక్కోసారి మంట రూపంలో వస్తుంది. నేను చేయమనను.

కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్ఐ బండ్లలో ఈ వరస తిరగబడుతుంది. పంపు ట్యాంకులోనే ఉంటుంది. తాళం ఆన్ చేయగానే వెనకసీటు వైపు నుంచి రెండు సెకన్లు ‘జుయ్’మని వినపడాలి. అది వినడానికి స్పానరు కూడా అక్కర్లేదు కాబట్టి అక్కడ పెట్రోలే ముందు. వినపడకపోతే ఫ్యూజు, రిలే చూడాలి. గొట్టం మాత్రం హఠాత్తుగా ఊడదీయకండి, లోపల ఒత్తిడి ఉంటుంది. డీజిల్ బండికైతే ఈ చర్చే లేదు. ప్లగ్ కరెంటు అన్నదే ఉండదు, ఇంజిన్ లోపల వేడి పుట్టించే హీటర్లూ, డీజిల్ లైన్లో చేరిన గాలీ చూసుకోవాలి.

కరెంటూ పెట్రోలూ రెండూ బాగుండి, కార్బురేటర్ లోంచి వెనక్కి ‘ఠప్’మని తంతుంటే టైమింగ్ (నిప్పురవ్వ పడాల్సిన సమయం) పక్కకి జరిగిందేమో చూడాలి. అంతకన్నా ముందు ప్లగ్ వైర్లు ఒకదాని చోట ఒకటి పెట్టారేమో చూడండి. ఈ మూడు సిలిండర్ల ఇంజిన్‌లో ప్లగ్గులకి కరెంటు అందే వరస 1-3-2.